బాట్ పలకకపోతే

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో 'మన మిత్ర'ను ప్రారంభించిన తర్వాత బాట్ అనే మాట మన పల్లెలకు కూడా అలవాటైంది. 161 సేవలతో మొదలైన ఆ నంబరుకు సందేశం పెడితే జవాబిచ్చేది మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. ఇలాంటిదే చిన్న ఎత్తున మనమే పెట్టుకోలేమా అని చిల్లకూరు వైపు యువకులు కొందరు మమ్మల్ని అడిగారు. వానలు, తుపాన్ల హెచ్చరికలు, గూడూరు నిమ్మకాయల మార్కెట్ ధర, కూడికల వేళల్లో మార్పులు, వీటితోపాటు ప్రార్థన మనవులు: ఇవీ వారికి కావలసినవి.

చిక్కంతా ఆ చివరి దానిలోనే ఉంది. ఒకరి జబ్బు, ఒకరి ఇంటి గొడవ, ఒకరి అప్పు అందులోకి వస్తాయి. అవి ఎక్కడో ఎవరి కంప్యూటర్లోనో ఉండడం వారికి ఇష్టం లేదు. అందుకే సొంత సర్వర్ కావాలన్నారు. వారితో కలిసి పెట్టి చూశాము. నేర్చుకున్నది, పొరపాటు చేసినది రెండూ ఇక్కడ రాస్తున్నాము.

మేము ఎంచుకున్నది మేట్రిక్స్. ఇది 2014లో మొదలైన బహిరంగ పద్ధతి. ఎవరైనా తమ సర్వర్ తాము నడుపుకోవచ్చు. సర్వర్ ప్రోగ్రాము పేరు సినాప్స్. మొదట దాన్ని ఇంట్లోని పాత కంప్యూటర్లో పెడదామనుకున్నాము. కానీ ఇంటి ఇంటర్నెట్‌కు చాలాచోట్ల బయటి నుంచి నేరుగా చేరగలిగే చిరునామా ఉండదు, పైగా గాలివాన వస్తే మొదట పోయేది కరెంటే. వాన హెచ్చరిక చెప్పవలసిన యంత్రం వానకే ఆగిపోతే ఏం లాభం? నెలకు అద్దె కట్టి వేరే ఊళ్లో ఉన్న సర్వర్ తీసుకోవడమే మేలనిపించింది.

సర్వర్ పేరు జాగ్రత్తగా పెట్టండి. సినాప్స్‌లో ఒకసారి పెట్టిన పేరును తర్వాత మార్చడం కుదరదు. డేటా దాచడానికి మొదటి రోజు నుంచే పోస్ట్‌గ్రెస్ వాడండి. దానంతట అది వచ్చే ఎస్‌క్యూలైట్ పరీక్షకు సరిపోతుంది గాని నలుగురు వాడే చోటికి పనికిరాదు. కొత్తవారు తమంతట తాము ఖాతా తెరిచే వీలు మూసి ఉంచండి. బాట్‌కు కూడా మనిషికిచ్చినట్టే ఒక ఖాతా ఇవ్వాలి. దానిని సర్వర్ మీదే ఆదేశంతో సృష్టించి, లాగిన్ చేయిస్తే ఒక టోకెన్ వస్తుంది. బాట్ చేతిలో ఉండే తాళంచెవి అదే. దాన్ని గ్రూపులో అతికించకండి. మా దగ్గర ఒక తమ్ముడు సహాయం అడుగుతూ తెర ఫోటో తీసి అందరికీ పంపాడు, టోకెన్‌తో సహా! ఆ సాయంత్రమే పాతది రద్దు చేసి కొత్తది తీసుకున్నాము.

ఫోన్లలో ఏ యాప్ పెట్టించాలన్నది కూడా ముందే చూసుకోవాలి. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం నిలిపివేసిన 14 మెసేజ్ యాప్‌లలో మేట్రిక్స్‌కు పేరుపడిన ఎలిమెంట్ కూడా ఉంది. మేట్రిక్స్ పద్ధతికి పనిచేసే యాప్‌లు వేరేవి కూడా ఉన్నాయి. ఇరవై మంది పెద్దవాళ్లకు నేర్పించాక దొరకదని తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక తిప్పలు. మొదటివారం బాట్ ఉదయం ఆరు గంటల సందేశాన్ని పదకొండున్నరకు పంపింది. సర్వర్ గడియారం గ్రీన్‌విచ్ కాలంలో ఉంది, మన కాలానికి ఐదున్నర గంటలు వెనక. ఇది నవ్వుకునే తప్పు. మరొకటి, బాట్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా పాత ప్రశ్నలకు జవాబులు గుప్పించేది. ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునే గుర్తును అది దాచుకోకపోవడమే కారణం. ఇంకోసారి రెండు బాట్లు ఒకదానికొకటి బదులిచ్చుకుంటూ కూర్చున్నాయి. అందుకే మేట్రిక్స్‌లో బాట్లు మాట్లాడే సందేశానికి 'నోటీస్' అనే వేరే రకం పెట్టారు. నోటీసుకు ఏ బాట్ కూడా జవాబివ్వకూడదన్నది నియమం. ఒకేసారి పదిహేను సందేశాలు పంపితే చివరివి పోవని కూడా గమనించాము. సినాప్స్ మొదటి పదింటిని వదిలి తర్వాత ఐదు సెకన్లకు ఒకటి చొప్పునే అనుమతిస్తుంది. 429 అనే లోపం కనిపిస్తే, ఎంతసేపు ఆగాలో సర్వరే చెబుతుంది. ఆగి మళ్లీ పంపేలా బాట్‌కు నేర్పాలి.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మేము 'తుపాను' అని టైపు చేస్తే జవాబొచ్చేలా పెట్టాము. జనం తుఫాను అన్నారు, తుఫాన్ అన్నారు. కొన్ని కీబోర్డులు పొల్లు అక్షరం తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. చూడటానికి రెండు మాటలూ ఒకటే, బాట్‌కు మాత్రం వేర్వేరు. వచ్చిన మాటలోంచి ఆ గుర్తును తీసేసి, తర్వాత పోల్చాలి. అన్ని రూపాలనూ ఒప్పుకోవాలి. పెద్దవారి స్పెల్లింగు సరిదిద్దడం బాట్ పని కాదు.

అన్నిటికంటే పెద్ద తప్పు మౌనం. ఒక వానాకాలంలో మా బాట్ నాలుగు రోజులు ఏమీ పలకలేదు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే హెచ్చరిక లేకపోవడమంటే వాన లేకపోవడమే అనుకున్నారు. చివరికి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అబ్బయ్యా, మీ బాట్ ఏం చెప్పలేదు గదా, వాన రాదులే అనుకొని వలలు ఒడ్డునే వదిలేశాం" అన్నారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని ఎంత తడిపిందో చూసినవారికి ఈ మాట ఎంత బరువో తెలుసు. ఆ రోజు వలలు తడవడంతో పోయింది. మేము తలవంచుకున్నాము.

కారణం చిన్నది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా ధ్రువపత్రం 90 రోజులే చెల్లుతుంది. దాన్ని కొత్తగా తెచ్చుకునే పని తనంతట తాను జరిగింది గాని, వెబ్ సర్వర్‌ను మళ్లీ లోడ్ చేయించలేదు. కొత్త పత్రం డిస్కులోనే ఉంది, లోకానికి చూపిస్తున్నది పాతది. చెల్లని పత్రాన్ని చూసి బాట్ సర్వర్‌తో మాట్లాడటం మానేసింది.

అప్పటి నుంచి వెతికే వరుస ఒకటి పెట్టుకున్నాము. ముందు సర్వర్ చిరునామా బ్రౌజర్లో తెరుచుకుంటుందా? తెరుచుకుంటే బాట్ లాగ్ చదవాలి. టోకెన్ తెలియదని వస్తే, ఎవరో పాస్‌వర్డ్ మార్చి అన్ని పరికరాలనూ బయటికి పంపి ఉంటారు. అనుమతి లేదని వస్తే, బాట్ ఆ గదిలో చేరలేదు లేదా అక్కడ మాట్లాడే హక్కు లేదు. లోపం ఏమీ లేకుండానే పలకకపోతే గది గుప్తీకరణలో ఉందేమో చూడాలి. దానికి తగిన భాగాలు లేని బాట్‌కు అక్కడి మాటలన్నీ అర్థంకాని గుర్తులే. గదికి గుప్తీకరణ ఒకసారి పెడితే తీయడం కుదరదు, కొత్త గది తెరవాల్సిందే.

ఇక్కడే ప్రార్థన మనవుల సంగతి తేలింది. గుప్తీకరించిన గదిలోని మాటలు సర్వర్ నడిపేవారికి కూడా కనిపించవు. బాట్‌కు ఆ తాళాలు ఇస్తే మాత్రం దాన్ని నడిపే మనిషికి ప్రతి మాటా చేరుతుంది. సొంత సర్వర్ అన్నంత మాత్రాన గుట్టు దాగదు. యంత్రం మనదైతే దాన్ని చూసేవాడు మన పక్కింటివాడే, అది ఒక్కోసారి ఇంకా ఇబ్బంది! అందుకే మనవుల గదిలో బాట్ వద్దన్నాము. కొందరు నొచ్చుకున్నారు, రోజూ మనవులను జాబితా చేసి పెడితే బాగుంటుందని వారి ఆశ. ఆ పని ఒక సహోదరి నోట్‌బుక్‌లో చేస్తున్నారు. ప్రకటనల గది వేరు. అందులో గుప్తీకరణ లేదని, నడిపేవారు చదవగలరని గది పైనే రాసిపెట్టాము.

వాతావరణం విషయంలో బాట్ సొంత మాట చెప్పదు. వాతావరణ శాఖ మాటను, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సముద్ర సూచనను, విడుదలైన సమయంతో సహా ఉన్నదున్నట్టు పెడుతుంది. కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో మనిషే టైపు చేస్తాడు.

ఇప్పుడు ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు హెచ్చరిక ఉన్నా లేకున్నా బాట్ ఒక మాట పెడుతుంది: "పని చేస్తున్నాను. కొత్త హెచ్చరిక లేదు." ఆ మాట రాని పూట బాట్‌ను నమ్మొద్దని, రేడియో పెట్టుకొమ్మని, లేదా కింద ఉన్న రెండు నంబర్లలో ఒకదానికి ఫోన్ చేయమని అందరికీ చెప్పాము. రెండు నంబర్లు ఎందుకంటే, సర్వర్ పాస్‌వర్డులు తెలిసిన తమ్ముడికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. అతను వెళ్లేలోపు డేటాబేస్, అమరికల ఫైలు, సర్వర్ సంతకపు తాళం మూడింటి నకళ్లు తీయించి, ఇంకొకరి చేత ఖాళీ యంత్రం మీద మొత్తం మళ్లీ నిలబెట్టించాము. ఒక పూటంతా పట్టింది. రెండో అతనికి ఇప్పుడు పరవాలేదు, మొదటి అతనికి ఇంకా రాత్రుళ్లు ఫోన్లు వస్తున్నాయట.