ఫ్లాపై ఆగిపోయిన గిటార్‌కి ఇప్పుడు కోట్లలో ధర

ఈసారి ఫోన్ కాదు, గిటార్. మన సైట్‌లో గిటార్ ఏంటి అనుకోకండి. దీనికీ స్పెక్స్ ఉన్నాయి, బగ్స్ ఉన్నాయి, ఫ్లాపైన లాంచ్ కూడా ఉంది.

బీటెక్ హాస్టల్‌లో నా దగ్గరో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ ఉండేది. ట్యూబ్‌లైట్ వేస్తే చాలు, యాంప్‌లోంచి ఒకటే జుమ్మని మోత. లైట్ ఆపేసి చీకట్లో వాయించేవాణ్ణి. ఆ మోత ఎందుకొస్తుందా అని వెతుకుతూ పోతే దొరికింది గిబ్సన్ లెస్ పాల్ కథ.

లెస్ పాల్ అనేది ఒక మనిషి పేరు. అమెరికన్ గిటారిస్ట్, ఖాళీగా ఉండలేక ఏదో ఒకటి విప్పి బిగించే రకం. 1940 ప్రాంతంలో ఒక చెక్క దిమ్మెకి తీగలు, పికప్‌లు బిగించి గిటార్ చేశారు. గిబ్సన్‌కి చూపిస్తే పట్టించుకోలేదు. 1950లో ఫెండర్ వాళ్లు లోపల డొల్ల లేని గిటార్ అమ్మడం మొదలుపెట్టాక గానీ వీళ్లకి మెలకువ రాలేదు. 1952లో బంగారు రంగు వేసి, అప్పటికి స్టార్ అయిన లెస్ పాల్ పేరుతో వదిలారు. డిజైన్‌లో ఆయన వాటా ఎంత అన్నది వేరే గొడవ.

మొదటి వెర్షన్‌లోనే బగ్. మెడ కోణం తక్కువైపోయి, తీగలు బ్రిడ్జ్ పైనుంచి కాకుండా కిందనుంచి వెళ్లేవి. దాంతో అరచేతి అంచు ఆనించి తీగల మోతని అదుపు చేయడం కుదిరేది కాదు.

అసలు అప్‌గ్రేడ్ 1957లో వచ్చింది: ఇంజనీర్ సేత్ లవర్ చేసిన హంబకర్ పికప్. మామూలు పికప్‌లో ఒకే కాయిల్ ఉంటుంది, కరెంట్ లైన్ల గోలంతా పట్టేస్తుంది. ఇందులో రెండు కాయిల్స్, ఒకదానికొకటి రివర్స్‌లో చుట్టి, అయస్కాంతాల ధ్రువాలు కూడా తిరగేసి పెట్టారు. బయటి మోత రెండింట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ లాజిక్కే, ఇక్కడ చిప్ లేదంతే!

1958లో సన్‌బర్స్ట్ రంగు వచ్చింది. ఆ ఎరుపు వెలుతురుకి వెలిసిపోయేది. అందుకే ఇవాళ ఏ రెండు గిటార్లూ ఒకేలా ఉండవు. ఇన్ని ఉన్నా జనం కొనలేదు. 1960తో ఆపేసి, పల్చటి బాడీ ఉన్న వేరే మోడల్ తెచ్చారు.

కథ తిరిగింది లండన్‌లో. ఎరిక్ క్లాప్టన్ ఓ పాత లెస్ పాల్‌ని మార్షల్ యాంప్‌కి పెట్టి, వాల్యూమ్ దంచి రికార్డ్ చేసిన బ్లూస్‌బ్రేకర్స్ ఆల్బమ్ 1966లో వచ్చింది. హంబకర్ సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి యాంప్ త్వరగా చిరిగిన గొంతులోకి వెళ్తుంది. కంపెనీ లోపం అనుకునేదే కుర్రాళ్లకి కావాల్సిన సౌండ్ అయింది. 1968లో గిబ్సన్ లెస్ పాల్‌ని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒరిజినల్ 1959 పీస్ కావాలంటే లక్షల డాలర్లు, అంటే మనకి కోట్లే. నన్నడిగితే అంత పెట్టక్కర్లేదు. గన్స్ ఎన్ రోజెస్ 1987 ఆల్బమ్‌లో స్లాష్ వాయించినది గిబ్సన్ చేసింది కూడా కాదు, క్రిస్ డెరిగ్ అనే ఆయన చేత్తో చేసిన కాపీ. మొదటి జీతంతో నేను కొన్నదీ కాపీనే, హంబకర్లున్నది. ఇప్పుడు ట్యూబ్‌లైట్ కిందే వాయిస్తున్నా.