బరువులెత్తిన మరునాటి భోజనము

క్రిందటి మాఘమాసమున మా చిన్నకోడలు వ్యాయామశాలకు బోయి బరువులెత్తుట మొదలిడినది. మొదటిదినమున నవ్వుచు నింటికి వచ్చినది. మరునాడు తెల్లవారుసరికి తొడలు పట్టివేసినవి. మూడవనాడు మేడమెట్లు దిగలేక గోడ పట్టుకొని నిలిచినది. నేను పాతకాలపు దానను. ఒడలు వేడిచేసినదని తలచి, లంఖణము పరమౌషధమను సామెతను నమ్మి, రెండుదినములు చారును అన్నమును మాత్రమే పెట్టితిని. పిల్ల మారుమాటాడక తిన్నది. అది నా పొరపాటని పిమ్మట వైద్యునివలన దెలిసికొంటిని. నావంటి అత్తలును తల్లులును మరికొందరుందురు గదా యని యీ సంగతులు వ్రాయుచున్నాను.

ఈ నొప్పి కండలలో ఆమ్లము నిలిచిపోవుటచే గలుగునని చిరకాలము చెప్పుచు వచ్చిరి. అది సరికాదు. శ్రమచే బుట్టిన లాక్టేటు ఒకటి రెండు గంటలలోనే రక్తమునుండి తొలగిపోవును. నొప్పియో, పూట గడచిన తరువాత మొదలై రెండవ మూడవ దినములలో ముదురును. బరువును మెల్లగా దింపునప్పుడు కండపోగులు సాగుచునే బిగియవలసివచ్చును. అలవాటులేని వారికి అప్పుడు ఆ పోగులలో కంటికి గానరాని చీలికలు పడును. వానిని బాగుచేసికొను ప్రయత్నములోనే దేహమున వాపును, సలుపును బుట్టును. తిరుమల కొండను నడచి దిగినవారికి మరునాడు తొడల సంగతి యెరుకయే.

గోడ కూలినచోట తిరిగి కట్టుటకు ఇటుకలు కావలసినట్లు, కండకు మాంసకృత్తులు కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో పెద్దలకు, దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాములని నిర్ణయించిరి. బరువులెత్తువారికి సుమారు 1.6 గ్రాములవరకు మేలని పరిశోధకుల యభిప్రాయము. మా కోడలు 55 కిలోలు తూగును. ఆ లెక్కను 88 గ్రాములు కావలెను. నేను పెట్టిన చారన్నములో నందు నాలుగవవంతైన నుండెనో లేదో!

ఇందుకు డబ్బాలలో నమ్ము పొడులే కొననక్కరలేదు. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, 50 గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు వేరుసెనగపప్పులో 7, నూరుగ్రాముల చేపలోగాని కోడిమాంసములోగాని 20 గ్రాములు సుమారుగా నుండును. శాకాహారులకు మీల్‌మేకరు మిక్కిలి యక్కరకు వచ్చును. 30 గ్రాములలో 15 గ్రాములున్నవి. ఇదంతయు రాత్రిపూట నొక్కసారిగా గాక మూడు పూటలకు పంచి తినుట మంచిది. పప్పులో కొరవడినది అన్నములోను, అన్నములో కొరవడినది పప్పులోను దొరకును. శ్రమచే తరిగిన కండలలోని పిండినిల్వ మరల నిండుటకును అన్నము కావలెను. కావున వ్యాయామము చేసిన దినమున అన్నము మానుట తగదు.

చిక్కు వంటలో గాక వడ్డనలో నున్నది. మన యిండ్లలో చిక్కనిపప్పు మొదట మగవారికిని పిల్లలకును బోవును. చివర కూర్చున్న ఆడువారి కంచములోనికి వచ్చునది ఊరగాయయు, పలుచని మజ్జిగయు. కోడలు బరువులెత్తుచున్నదని ఊరంతయు మురియును. ఆమె కేమి మిగిలినదో గిన్నెలోనికి తొంగిచూచువారు లేరు. శ్రీకాకుళముజిల్లా యాడుబిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచినది. మజ్జిగనీళ్లతో నంతటి బరువు లేచునా?

అయితే తిండి తిన్నంతమాత్రమున నొప్పి యా పూటకే పోవునని చెప్పను. అది కొన్నిదినములలో తనంతట తానే తగ్గును. రెండవమారు అదే పని చేసినప్పుడు చాల తక్కువగా నుండును. తిండి వలన కండ సరిగా బాగుపడి బలపడును. పసుపుపాల మాట పెక్కురడుగుదురు. పరిశోధనలలో వాడిన పసుపుసారము చిటికెడు పసుపులో నుండుదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువ. అందుచే ఆ గ్లాసులో మేలుచేయునది ముఖ్యముగా పాలే. నిండు నిద్రయు, మెల్లగా నడచుటయు, నూనెతో మర్దనయు సుఖము నిచ్చును.

మూత్రము టీ డికాక్షనువలె నల్లబడినను, కండలు భరింపరాక వాచినను వంటింటి వైద్యము మాని వెంటనే ఆసుపత్రికి బోవలెను. మూత్రపిండములు చెడు ప్రమాదము గలదు. ముందే యా జబ్బున్నవారు పైన జెప్పిన కొలతలు వైద్యు నడుగక పాటింపరాదు.

ఇప్పుడు మా యింట కోడలు వ్యాయామశాలనుండి వచ్చుసరికి రెండు పెసరట్లును, గ్లాసెడు పాలును సిద్ధముగా నుండును. మధ్యాహ్నము పప్పు దింపగానే ఆమెకు వేరొక గిన్నెలో తీసి మూత పెట్టుచున్నాను. మొన్న మావారు కంచముముందు కూర్చుండి, పప్పు పలుచబడిన దేమని యడిగిరి. చిక్కనిది చిన్నకోడలి గిన్నెలో నున్నదని చెప్పితిని.