కారెక్కి... కొండెక్కి

హైదరాబాద్ నుంచి లేహ్ దాకా సొంత కారులో వేసవి యాత్ర ఇప్పుడు మధ్యతరగతి కుటుంబానికీ అందుబాటులోకి వచ్చింది. రోడ్డు వేగం పెరిగింది కానీ శరీరం వేగం పెరగలేదు. చిక్కంతా అక్కడే.

హిమాచల్ ప్రదేశ్‌లో చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర ఓ పెట్రోలు బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించే బోర్డు అక్కడ ఏళ్ల తరబడి దర్శనమిచ్చేది. మనాలీ నుంచి లేహ్ వెళ్లేవారంతా అక్కడ ఆగి ట్యాంకు నింపుకుని, డబ్బాల్లో అదనంగా పట్టుకుని, బోర్డు పక్కన ఫొటో దిగి మరీ కదిలేవారు. ఒకప్పుడు ఆ దారిలో కనిపించేవి ఎక్కువగా సైనిక ట్రక్కులు, సరుకు లారీలు, మోటార్ సైకిళ్ల మీద వచ్చే కుర్రకారు. ఇప్పుడు వాటి మధ్య ఏపీ, టీఎస్, టీజీ నంబరు ప్లేట్ల కార్లూ కనిపిస్తున్నాయి. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య ఓ నానమ్మ, డిక్కీలో ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరో, తిరుపతో, మహా అయితే ఊటీయో వెళ్లి వచ్చిన తరం తన పిల్లల్ని తీసుకుని ఏకంగా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన రోడ్లలో ఒకదాని మీదికి బయల్దేరుతోంది.

దీనికి ప్రధాన కారణం రహదారులే. శ్రీనగర్‌ను కన్యాకుమారితో కలిపే 44వ నంబరు జాతీయ రహదారి 3,700 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, ఆదిలాబాద్ దాని మీదివే. 2010లో నంబర్లు మార్చకముందు హైదరాబాద్-నాగపూర్ దారిని 7వ నంబరు రహదారి అనేవారు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరితే ఆ సాయంత్రానికి నాగపూర్ చేరడం ఇప్పుడు పెద్ద విశేషమేమీ కాదు. సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రాల మీదుగా మూడో రోజుకు ఢిల్లీ. నాగపూర్ దాటాక సివనీ వైపు పెంచ్ పులుల అభయారణ్యం వస్తుంది. అక్కడ అడవి జంతువులు కిందినుంచి దాటేలా రోడ్డును స్తంభాల మీద ఎత్తి కట్టారు. కెమెరాల్లో పులులు సైతం ఆ దారి వాడుకుంటూ కనిపించాయి. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం తరగతి గదిలో దొరకదు. తమ కారు పైన పోతుంటే కింద పులి పోతూ ఉండొచ్చు!

బడి గంటకూ మంచుకూ పొత్తు కుదరదు

అయితే ఈ యాత్రకు తెలుగు కుటుంబాల సెలవులతో ఓ పేచీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులు మామూలుగా ఏప్రిల్ చివర్లో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. మనాలీ-లేహ్ రోడ్డు మీద మంచు తొలగించి రాకపోకలకు అనుమతించేది సాధారణంగా మే, జూన్ నెలల్లో. అంటే చేతికి చిక్కేది మే చివర, జూన్ మొదటి వారం మాత్రమే. మైదానాల్లో ఎండలు మండిపోయేదీ, కనుమల్లో రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలు నిలబడి ఉండేదీ అప్పుడే. నాగపూర్, ఝాన్సీ ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటే వేడిలో కాలే రోడ్డు మీద అరిగిన టైరు పేలడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే అనుభవజ్ఞులు తెల్లవారుజామున నాలుగింటికే బండి తీసి మధ్యాహ్నానికి ఏదో ఒక ఊళ్లో ఆగిపోతారు. నాలుగు రోజుల తేడాలో అదే కుటుంబం వడగాడ్పుల్లోంచి గడ్డకట్టే చలిలోకి వెళుతుంది. కాటన్ చొక్కాలూ ఉన్ని టోపీలూ ఒకే పెట్టెలో సర్దుకోవాల్సిన యాత్ర ఇది.

రోజుల లెక్కా బిగువే. హైదరాబాద్ నుంచి మనాలీ మీదుగా లేహ్‌కు ఒకవైపే సుమారు 2,500 కిలోమీటర్లు. రానూపోనూ ఐదు వేలు. ఆఫీసు ఇచ్చే రెండు వారాల సెలవులో దారికే పది రోజులు పోతే, కోత పడేది విశ్రాంతికే. తీరా చూస్తే, కొండ మీద ప్రాణాన్ని నిలబెట్టేది ఆ విశ్రాంతే.

సొరంగం తెచ్చిన తొందర

మనాలీ సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. దాని పైన 3,978 మీటర్ల ఎత్తున రోహ్‌తాంగ్ కనుమ ఒకప్పుడు గడియ వేసిన తలుపులా అడ్డం నిలిచేది. బురద, మంచు, గంటల తరబడి ట్రాఫిక్ జామ్. విసిగిపోయిన ప్రయాణికులు ఆ రాత్రికి కేలాంగ్‌లోనో, కాస్త ముందున్న జిస్పాలోనో ఆగేవారు. 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమయ్యాక ఆ దారి 46 కిలోమీటర్లు తగ్గింది. నాలుగైదు గంటలు కలిసొచ్చాయి. లాహౌల్ లోయ ప్రజలకు చలికాలంలో ఆసుపత్రికి వెళ్లే దారి దొరికింది. వారికది వరమే. యాత్రికుల సంగతి మాత్రం కొంచెం తిరగబడింది. పొద్దున్న మనాలీలో టిఫిన్ చేసినవారు అదే సాయంత్రం 4,290 మీటర్ల ఎత్తున ఉన్న సర్చూ గుడారాల్లో పడుకుంటున్నారు. ఒక్క పగటిలో రెండువేల మీటర్లకు పైగా ఎక్కడమన్నమాట.

మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు అంతకుముందు రాత్రి పడుకున్న చోటికంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక పూర్తి రోజు ఆగాలనీ పర్వత వైద్యుల సూచన. మూడున్నర వేల మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి పీడనం సముద్ర తీరంలో ఉండేదానిలో మూడింట రెండొంతులే. ఐదు వేలు దాటిన కనుమల్లో అది దాదాపు సగం. శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. మొదట తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. వాటిని పట్టించుకోకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లోకో, మెదడులోకో నీరు చేరే ప్రమాదం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నడక తూలడం, మాట తడబడటం దానికి గుర్తులు. అసలు మందు ఒక్కటే, కిందికి దిగడం. వైద్యుడి సలహాతో ముందుగా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర శరీరం సర్దుకోవడానికి సాయపడుతుంది తప్ప దిగాల్సిన అవసరాన్ని తప్పించదు. సల్ఫా మందులు పడనివారు దాన్ని వాడే ముందు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

సర్చూలో ఉన్న అసలు మెలిక మ్యాపు చూస్తేగానీ అర్థం కాదు. అర్ధరాత్రి పిల్లవాడికి ఊపిరాడకపోతే కిందికి దిగాలి. కానీ అక్కడినుంచి ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. వెనక్కి వెళితే దాదాపు 4,900 మీటర్ల బారాలాచా లా. ముందుకు వెళితే 21 మెలికల గాటా లూప్స్, ఆ పైన ఐదు వేల మీటర్లు దాటిన లాచుంగ్ లా. అందుకే తెలిసినవారు మొదటి రాత్రి సుమారు 3,200 మీటర్ల జిస్పాలోనే, వీలైతే రెండో రాత్రీ అక్కడే గడుపుతారు. పెద్దవాళ్లు తలనొప్పి అని చెప్పగలరు. మూడేళ్ల పాపకు ఆ మాట రాదు. ఊరికే చిరాకుపడటం, అన్నం వద్దనడం, ఆటలు మానేయడమే ఆమె చెప్పే భాష. ప్రయాణం బడలిక అనుకుని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటే పొరపాటే. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్న పెద్దలను తీసుకెళ్లాలా వద్దా అన్నది బయల్దేరేముందు ఇంట్లో కాదు, డాక్టరు దగ్గర తేలాల్సిన విషయం.

శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లే రెండో దారి ఈ లెక్కలో మెరుగు. జోజి లా 3,528 మీటర్లే. కార్గిల్‌లో పడక ఇంకా కింద, సుమారు 2,700 మీటర్ల దగ్గర. ఎత్తు అంచెలంచెలుగా పెరుగుతుంది. జోజి లా కింద 13 కిలోమీటర్ల సొరంగం తవ్వే పనిని 2020లో దక్కించుకున్నది హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగే. అయితే 2025 ఏప్రిల్ 22న పహల్గాం సమీపంలోని బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపాక ఆ దారి పేరెత్తితేనే చాలా ఇళ్లలో పెద్దలు వద్దంటున్నారు. మృతుల్లో విశాఖ, కావలి వాసులూ ఉండటంతో ఆ భయం తెలుగు ఇళ్లకు మరింత దగ్గరైంది.

నదికి సెలవుల్లేవు

తెలుగువారు హిమాచల్ నదులను మరచిపోలేని రోజు మరొకటుంది. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు మనాలీ దారిలో థలౌట్ దగ్గర బస్సు దిగి, బియాస్ నదిలోని బండల మీద ఫొటోలు దిగుతున్నారు. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు క్షణాల్లో ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. కొండ నది చూడటానికి మోకాలి లోతే ఉంటుంది. పైన ఆనకట్ట గేట్లు ఎప్పుడు తెరుస్తారో, ఎక్కడ మేఘం పగులుతుందో కింద బండ మీద నిలబడ్డవారికి తెలిసే వీలు లేదు. అయినా ఇవాళ్టికీ అదే దారిలో కార్లు ఆపి, పిల్లల చేయి పట్టుకుని నదిలోకి దిగే కుటుంబాలు కనిపిస్తూనే ఉన్నాయి.

పైన లద్దాఖ్ దారిలో నీళ్లకు మరో పద్ధతి ఉంది. రాత్రి గడ్డకట్టిన మంచు ఎండకు కరగడం మొదలయ్యాక, రోడ్డును అడ్డంగా దాటే వాగులు మధ్యాహ్నానికి ఉబ్బుతాయి. పొద్దున్నే చక్రం సగం మునిగే వాగులో మూడు గంటలకు ఇంజన్‌లోకి నీళ్లు పోవచ్చు. అందుకే ట్రక్కు డ్రైవర్లు తెల్లవారకముందే బయల్దేరతారు. ఆ లెక్క తెలియక పదింటికి తీరిగ్గా లేచే కారువారు వాగు ఒడ్డున నిలిచిపోతారు. 2023 జూలైలో కుండపోత వానలకు కులూ-మనాలీ రహదారి కొట్టుకుపోయినప్పుడు, చంద్రతాల్ సరస్సు దగ్గర 250 మందికి పైగా పర్యాటకులు మంచులో చిక్కుకుపోయి రోజుల తరబడి సాయం కోసం ఎదురుచూశారు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవన్న సంగతి చాలామందికి సాయం కోసం ఫోను తీసినప్పుడే తెలుస్తుంది.

కష్టానికి తగ్గ కానుక

మరి ఇన్ని గండాలున్న దారికి పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లడం? సమాధానం పాంగ్ దాటగానే దొరుకుతుంది. ఘాట్ రోడ్డు హఠాత్తుగా సమతలమై, 40 కిలోమీటర్ల మోరే మైదానం పరుచుకుంటుంది. చాంగ్‌పా సంచార పశుపాలకుల మేకలు కనిపిస్తాయి. ఖరీదైన పష్మీనా శాలువా ఆ మేకల మెడకిందా పొట్టకిందా పెరిగే సన్నని నూగేనని పిల్లలకు అక్కడే తెలుస్తుంది. దగ్గర్లోని సో కార్ సరస్సులో నల్లమెడ కొంగలు, గట్టున కియాంగ్ అనే అడవి గాడిదలు. లేహ్ దాటి నిమ్మూ వెళితే సింధు, జంస్కార్ నదులు రెండు రంగుల్లో కలిసే చోటు, తెప్పల మీద రాఫ్టింగ్. హుందర్‌లో మంచు కొండల నడుమ ఇసుక తిన్నెలు, రెండు మూపుల ఒంటెలు.

హాన్‌లే మరో అద్భుతం. సుమారు 4,500 మీటర్ల ఎత్తున భారతీయ ఖగోళ వేధశాల ఉన్న ఈ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు సంరక్షణ ప్రాంతంగా 2022లో ప్రకటించారు. అక్కడి రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహం సాయంతో నడుపుతారు. నగరంలో పట్టుమని పది చుక్కలు లెక్కపెట్టలేని పిల్లలు అక్కడ పాలపుంతను కళ్లారా చూస్తారు.

అతిథి బాధ్యత

ఈ అందాల సొంతదారుల కథ కూడా వినాలి. 2011 జనగణన ప్రకారం లద్దాఖ్ జనాభా 2.74 లక్షలు. 2022లో వచ్చిన పర్యాటకులు ఐదు లక్షలు దాటారు. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా అంతంతమాత్రమే అయిన లేహ్‌కు మంచు కరిగిన నీళ్లే ఆధారం. స్థానికులు తరతరాలుగా నీటితో పనిలేని మరుగుదొడ్లు వాడుకుంటూ, ఆ ఎరువుతో బార్లీ పండించుకున్నారు. ఇప్పుడు అతిథుల షవర్లకూ ఫ్లష్‌లకూ బోర్లు తవ్వాల్సి వస్తోంది. 2022లో కొందరు యువకులు పాంగాంగ్ సరస్సు నీళ్లలో కారు తోలిన వీడియో బయటికొచ్చినప్పుడు లద్దాఖ్ వాసులు మండిపడ్డారు. చలి ఎడారిలో పారేసిన చిప్స్ ప్యాకెట్ మట్టిలో కలవదు, ఏళ్ల తరబడి గాలికి ఎగురుతూనే ఉంటుంది. తెచ్చిన చెత్తను తిరిగి డిక్కీలోనే వేసుకుని మనాలీ దాకా మోసుకొచ్చే కుటుంబాలూ లేకపోలేదు. పిల్లలకు నేర్పితే ఆ పని వాళ్లే చేస్తారు, పెద్దలను చేయిస్తారు కూడా.

ఈ యాత్రలో కారు కండిషన్, టైర్లు, అదనపు ఇంధనం అన్నీ ముఖ్యమే. కానీ వాటన్నిటికంటే విలువైనవి రెండు ఖాళీ రోజులు. జిస్పాలో ఒకటి, లేహ్ చేరగానే ఏ పనీ పెట్టుకోకుండా మరొకటి. అవి దొరకనప్పుడు లేహ్‌ను వదులుకుని లాహౌల్ లోయలోనే వారం గడపడం ఓటమేమీ కాదు. పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడని కారును వెనక్కి తిప్పిన తండ్రికి కనుమ మీద దిగిన ఫొటో ఉండకపోవచ్చు. ఆ కనుమ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.