పెరటి మన్ను మోత

గృహిణికి పెరడు రెండవ వంటయిల్లు వంటిది. వంకాయయు, బీరకాయయు, కరివేపాకును, దేవునికి పెట్టు మల్లెయు ఆ కొద్దిపాటి నేలనుండియే వచ్చుచుండును. అయినను ఆ నేల మనము కోరినట్లుండుట అరుదు. ఒకచోట పల్లమై వాననీరు నిలుచును. ఒకచోట ఇల్లు కట్టిననాటి రాతిముక్కలును సున్నపు పెళ్ళలును నిండియుండును. మరియొకచోట చవుడు పొంగును. కావున ఏనాటికైనను ప్రతి యిల్లాలికిని మన్ను త్రవ్వించుటయు, మోయించుటయు, పెక్కుమారులు తానే మోయుటయు తప్పదు. విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాసినవారు పలువురు కలరు గాని, మన్ను మోతను గూర్చి చెప్పువారు తక్కువ. ఆ మోత మిక్కిలిగా స్త్రీల నెత్తిమీదనే యుండుటచేత దానిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

పార పట్టుటకు ముందు లెక్క వేయవలెను. పది యడుగుల పొడవును, నాలుగడుగుల వెడల్పును గల మడిని అరయడుగు ఎత్తు చేయవలెననుకొందము. అది 20 ఘనపుటడుగులు. త్రవ్వి వదులైన పొడిమన్ను ఘనపుటడుగునకు ఇంచుమించు 35 కిలోలు తూగును; తడిసిన మన్ను ఇంకను బరువు. అనగా ఆ చిన్న మడికే 700 కిలోలు కావలెను. గంపకు 14 కిలోల చొప్పున 50 గంపలు. పోసిన మన్ను రెండు వానలకు అణగిపోవును గనుక మరి పది గంపలు కలుపుకొనవలెను. మన్నుకుప్ప మడికి 30 అంగల దూరమున నున్నచో, పోవుటకును వచ్చుటకును కలిసి 3,600 అంగలు నడువవలసివచ్చును. అది రెండున్నర కిలోమీటర్లకు పైమాట. అందు సగము నెత్తిన బరువుతో. అదే కుప్ప పది అంగల దూరమున నున్నచో 1,200 అంగలతో పని ముగియును. మా యింటివారు బడిపిల్లలకు లెక్కలు చెప్పువారు గనుక దీనిని వారే సరిచూచిరి. కావున ట్రాక్టరువాడు వీధి గుమ్మము ముందే మన్ను దించిపోవుటకు ఒప్పుకొనరాదు. దొడ్డిదారిన లోనికి తెమ్మని ముందుగనే మాటాడుకొన్నచో ఒక స్త్రీ నడుమునకు ఒక దినపు విశ్రాంతి దొరకును.

మోయుటయందును నేర్పు కలదు. గంపను శిగవఱకు నింపుట పౌరుషము కాదు. తక్కువ నింపి, ఒకే తీరుగ నడచువారే సాయంకాలమునకు ఎక్కువ మన్ను చేర్చుదురు. గంప నెత్తునపుడు నడుము వంచక మోకాళ్ళు వంచి, గంపను ఒంటికి దగ్గరగా తీసికొని లేవవలెను. పక్కకు తిరుగవలసినపుడు నడుమును మెలివేయక పాదములనే త్రిప్పవలెను. నెత్తిన చుట్టబట్ట యుండవలెను. గంప ఎత్తించుటకు మరియొకరు తప్పక యుండవలెను. నలుగురైదుగురున్న యింట ఒకరి చేతినుండి ఒకరికి వరుసగా గంపలందించుకొన్నచో నడక చాలవఱకు తప్పును. ఒంటిచక్రపు తోపుడుబండి యున్నచో మన్నును పిడుల వైపున గాక చక్రము వైపున ఎక్కువగా పోయవలెను; అపుడు భారము చక్రముపై బడి చేతులకు తేలిక యగును. మెత్తని నేలపై చక్రము దిగబడకుండ పలకలు పరచుట మంచిది.

గర్భిణులును, బాలింతలును ఈ పనికి పూనుకొనరాదు. ప్రసవమైన పిమ్మట పొత్తికడుపు కండరములు బలపడక మునుపే బరువులెత్తుటచే గర్భాశయము జారు వ్యాధికి అవకాశము హెచ్చును. ఈ బాధ యున్నవారు సిగ్గుచే దాచుకొని మోతలు మోయుచుందురు. ఇది దాచుకొనవలసినది కాదు, వైద్యురాలికి చెప్పవలసినది.

ఇక మన్ను సంగతి. నేలపైని అరయడుగు, ముప్పాతికయడుగు మన్నులోనే ఎక్కువ సారము, వానపాములు, కంటికి కానరాని సూక్ష్మజీవులు నుండును. క్రింది మన్ను అంత సారవంతము కాదు. త్రవ్వునపుడు రెంటిని వేర్వేరు కుప్పలుగా పోసి, పల్లమును క్రింది మన్నుతో నింపి, పైమన్నును తిరిగి పైననే పరవవలెను. పిడికెడు మన్ను తీసి ఉండ చేసి వ్రేలితో పొడువగా విడిపోయినచో త్రవ్వుటకు అదను. ముద్దగా నిలిచినచో రెండు దినములు ఆగవలెను. తడి నల్లరేగడిని త్రొక్కి త్రవ్వినచో అది పారకంటుకొని ప్రాణము తీయును. ఎండిన పిమ్మట రాయి యగును. చెరువు ఒండ్రు సారవంతమే గాని వట్టి ఒండ్రు నీటిని లోనికి దిగనీయదు. దానిని ఎండబెట్టి, గడ్డలు చిదిపి, ఇసుకయు చివికిన పశువుల ఎరువును కలిపి వాడవలెను.

మన్నును ఎచట పోయవలెనో తెలిసికొనుట ఎంత ముఖ్యమో, ఎచట పోయరాదో తెలిసికొనుటయు అంత ముఖ్యము. ఇంటిగోడకు ఆనించి, పునాది మట్టమునకు పైగా మన్ను పోసినచో గోడ చెమ్మగిలును. చెదలకు దారి యేర్పడును. మామిడి, సపోటా వంటి చెట్ల మొదళ్ళను మన్నుతో పూడ్చినచో వేళ్ళకు గాలి అందక చెట్టు క్షీణించును. నేల వాలు ఇంటినుండి వెలుపలికి నుండవలెను గాని పొరుగువారి యింటిలోనికి పోరాదు.

చెరువులు ఎండియుండు వేసవియే ఒండ్రు తెచ్చుటకు కాలము; మృగశిర కార్తె వానలు పడకమునుపే దానిని పరచుకొనవలెను. అయితే రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలందురు. తెల్లవారుజామునను, ఎండ తగ్గిన పిమ్మటను మాత్రమే పని చేసి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మాటిమాటికి త్రాగవలెను. పాత కుప్పను కదలించునపుడు ముందు కఱ్ఱతో తట్టవలెను. తేళ్ళును పాములును అందు చేరియుండవచ్చును. నడుములోతునకు మించిన గుంత త్రవ్వునపుడు, తీసిన మన్నును అంచునకు కనీసము రెండడుగుల దూరమున పోయవలెను. అంచున పోసిన మన్నే గోడను కూలద్రోయును. నాలుగు గంపల మన్ను ఱొమ్ముపై బడినను ఊపిరి యాడదు. పిల్లలను ఆ దాపునకు రానీయరాదు.

కూలివారిచే చేయించువారికి మరియొక మాట. త్రవ్విన మన్ను పొంగును. గుంతలో 20 ఘనపుటడుగులున్నది కుప్పగా పోసినపుడు ఇంచుమించు 25 అగును. కావున కొలతను గుంతతోనో కుప్పతోనో ముందే నిర్ణయించుకొననిచో తగవు తప్పదు. మట్టిపని యెరిగినవారు త్రవ్విన లోతు తెలియుటకై గుంత నడుమ కొంత మన్నును దిమ్మవలె విడిచెదరు. కొలత ముగిసిన పిమ్మటనే దానిని తీయుదురు. ఇరువురికిని న్యాయమైన పద్ధతి యది.

రామప్ప, పాఖాల, లక్నవరము వంటి కాకతీయుల కాలపు చెరువుల కట్టలు యంత్రములతో లేచినవి కావు. తట్టలతో మోసిన మన్నుతో లేచినవి. ఈ పనినే కులవృత్తిగా చేసిన వడ్డెరలలో పురుషులు త్రవ్వగా స్త్రీలు మోసెడివారు. కట్టించిన ప్రభువుల పేళ్ళు శాసనములకెక్కినవి; మోసినవారి పేళ్ళు ఎక్కలేదు. త్రవ్వుట గొప్ప పని, మోయుట తక్కువ పని యని స్త్రీలకు కూలి తగ్గించి యిచ్చుట చిరకాలమునుండి వచ్చిన ఆచారము. 1976లో చేసిన సమాన వేతన చట్టమును, పిదప 2019లో చేసిన వేతనముల స్మృతియు ఒకే తీరు పనికి ఇట్టి భేదమును నిషేధించినవి. చట్టము సంగతి యటుంచి, పైన చెప్పిన లెక్కను ఒకమారు తలచుకొన్న యిల్లాలు అరువది గంపలు మోసిన స్త్రీకి కూలి తగ్గింపగలదా?

హాలాస్య మాహాత్మ్యమున ఒక కథ కలదు. మధురలో వైగై నదికి వరద రాగా, ఇంటికొకరు గట్టున మన్ను వేయవలెనని పాండ్యరాజు ఆజ్ఞాపించెను. పిట్టు అమ్ముకొని బ్రతుకు వృద్ధురాలికి మోయువారు లేరు. సుందరేశ్వరుడే కూలివాడై వచ్చి, పిట్టునే కూలిగా గైకొని, ఆమెకై మన్ను మోసెను. పని చాలలేదని రాజు బెత్తముతో కొట్టగా ఆ దెబ్బ లోకములోని ప్రాణులన్నిటికిని, రాజునకును గూడ తగిలెనట. మన్ను మోయువారి వీపు అందఱి వీపని దాని భావమని మేము తలచుచున్నాము.

కావున సోదరీమణులారా, ఈ వేసవిలో పెరడు చక్కజేయదలచినచో ముందు కొలత, తరువాత దూరము, తరువాత గంప బరువు చూచుకొనుడు. మోయునది మీరైనచో మీ నడుమును కాపాడుకొనుడు; మరియొకతె యైనచో ఆమె గంప ఎత్తించుటకు ఒక చేయి వేయుడు, కూలి పూర్తిగా ఇండు.