స్వయంసంపూర్ణ డెస్క్‌టాప్ అనువర్తనాలలో ఉమ్మడి లైబ్రరీల కూర్పు: సవర నిఘంటువు ఉదాహరణగా

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం ప్రాంతంలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి సవర భాషను అధ్యయనం చేసి, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువును వెలువరించారు. అటువంటి నిఘంటువును నేడు డెస్క్‌టాప్ అనువర్తనంగా రూపొందిస్తే, అది సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతంలో అంతర్జాలం లేని పాత కంప్యూటర్‌పైనా తెరుచుకోవాలి. రూపకర్త వద్ద చక్కగా నడిచిన అనువర్తనం అక్కడ ‘లైబ్రరీ కనబడలేదు’ అన్న సందేశంతో ఆగిపోతే, విద్యార్థికి వేరే దారి ఉండదు. ఈ సమస్యకు గల పరిష్కారాన్ని, దానితోపాటు వచ్చే బాధ్యతను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉమ్మడి లైబ్రరీ స్వభావం

పలు అనువర్తనాలు కలిసి వాడుకొనే కోడ్ సంపుటిని ఉమ్మడి లైబ్రరీ అంటారు. విండోస్‌లో ఇవి డీఎల్ఎల్ ఫైళ్లు, మాక్‌ఓఎస్‌లో డైలిబ్‌లు, లినక్స్‌లో ఎస్ఓ ఫైళ్లు. తెలుగు గుణింతాలను, ఒత్తులను సరైన రూపంలో అమర్చే హార్ఫ్‌బజ్, పదాలను అకారాది క్రమంలో పేర్చడానికి తోడ్పడే ఐసీయూ ఇటువంటివే. అనువర్తనంలో లైబ్రరీ పేరు మాత్రమే నమోదై ఉంటుంది. నడిచే సమయంలో లోడర్ దానిని వెతికి తెస్తుంది.

కూర్పు విధానం

మొదట ఆధారపడిన లైబ్రరీల జాబితా తయారుచేయాలి. దీనికి లినక్స్‌లో ఎల్‌డీడీ, మాక్‌ఓఎస్‌లో ఓటూల్ ఉపకరిస్తాయి. ఆ లైబ్రరీలు ఆధారపడిన ఇతర లైబ్రరీలనూ చేర్చాలి. తరువాత వాటి ప్రతులను అనువర్తనపు ఫోల్డరులో ఉంచి, వెతకవలసిన మార్గాన్ని లినక్స్‌లో ప్యాచ్‌ఎల్ఫ్‌తో, మాక్‌ఓఎస్‌లో ఇన్‌స్టాల్ నేమ్ టూల్‌తో ఆ ఫోల్డరుకు మార్చాలి. మాక్‌ఓఎస్‌లో ఈ మార్పు తరువాత డిజిటల్ సంతకాన్ని మళ్లీ చేయాలి. విండోస్‌లో అనువర్తనం పక్కన డీఎల్ఎల్‌ను ఉంచితే సాధారణంగా సరిపోతుంది.

నడిచేటప్పుడు మాత్రమే తెరుచుకొనే ప్లగిన్లు పై జాబితాలో కనబడవు. వాటిని విడిగా గుర్తించాలి. లినక్స్ మౌలిక లైబ్రరీ అయిన జీలిబ్‌సీని సాధారణంగా కూర్చరు. పాత వెర్షన్‌పై నిర్మిస్తే అనువర్తనం కొత్త వాటిపైనా నడుస్తుంది. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. పాత కంప్యూటర్లలో దాని ఫాంటు ఉండకపోవచ్చు కనుక, ఆ లిపిని చూపదలచితే ఫాంటునూ జతచేయాలి. చివరగా, ఈ లైబ్రరీలేవీ లేని కంప్యూటర్‌పై పరీక్షించాలి.

కూర్పుతో వచ్చే బాధ్యత

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర సంయోగం ఐఫోన్లలో పలు అనువర్తనాలను స్తంభింపజేసింది. అవన్నీ వ్యవస్థలోని ఉమ్మడి కోడ్‌నే వాడినందున, ఐఓఎస్ 11.2.6 అనే ఒక్క నవీకరణతో సమస్య తీరింది. 2023లో లిబ్‌వెబ్‌పీలో భద్రతా లోపం బయటపడినప్పుడు మాత్రం, సొంత ప్రతిని కూర్చుకున్న ప్రతి అనువర్తనాన్నీ విడివిడిగా నవీకరించవలసి వచ్చింది.

ముగింపు

కూర్పు వల్ల అనువర్తనానికి స్వయంసమృద్ధి కలుగుతుంది; లోపాలను సరిదిద్దే భారం వ్యవస్థ నుండి రూపకర్తకు బదిలీ అవుతుంది. అందుచేత కూర్చిన ప్రతి లైబ్రరీ వెర్షన్‌ను, లైసెన్సును నమోదు చేయడం, సవరించిన ప్రతిని పెన్‌డ్రైవ్ ద్వారానైనా చేరవేయడం నిఘంటు నిర్మాణంలో భాగమే.