మీకు తెలుసా? కప్పు నుంచి కారేది వాననీరే కానక్కరలేదు
శీతల దేశాల ఇళ్లలో స్నానాలగది కప్పు నుంచి బొట్లుబొట్లుగా కారే నీరు ఒక్కొక్కప్పుడు వాననీరు కాదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటికి పంపబోయిన ఆవిరే. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు గాని, 5 డిగ్రీల వద్ద 7 గ్రాములకు మించి ఇముడ్చుకోలేదు. అందుచేత వాలుకప్పుకూ గది లోకప్పుకూ నడుమనుండే చల్లని అటక గుండా గొట్టంలో పైకి సాగే తేమగాలి చల్లబడి, మిగులు ఆవిరి నీరుగా మారి, తిరిగి ఫ్యాన్ మీదికే జారుతుంది. ఆ గొట్టానికి ఉష్ణనిరోధకం, అంటే వేడిని పోనివ్వని మందపాటి పొర, చుట్టడం ఇందుకే. గొట్టాన్ని కప్పు దాటించక అటకలోనే వదిలేయడం మరింత చేటు. అమెరికాలో అనేక రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే అంతర్జాతీయ నివాస భవన నియమావళి దానిని అనుమతించదు, ఏలయనగా ఆ తేమ కప్పు చెక్కలకు బూజు పట్టిస్తుంది.