‘ప్రిజనర్’ నాటకాంతమున తాత్పర్యవిచారము

వాక్యార్థమునందు వివాదము పుట్టినపుడు మీమాంసకు లాఱు లింగములచేఁ దాత్పర్యమును నిర్ణయింతురు. ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యనునవి యవి. వేదవాక్యములకై యేర్పడిన యీ లింగములు లౌకికప్రబంధములకును జెల్లు ననుటకు నాంగ్లభాషలోని టెలివిజన్ నాటక మొకటి మంచి యుదాహరణము.

దాని పేరు ‘ది ప్రిజనర్’, అనఁగా బందీ. 17 భాగముల యీ కల్పిత విజ్ఞానకథ బ్రిటనులో 1967 సెప్టెంబరు మొదలుకొని 1968 ఫిబ్రవరి వఱకుఁ బ్రసారమయ్యెను. నాయకపాత్రధారి పాట్రిక్ మెక్‌గూహన్. కడపటి భాగమును వ్రాసి నడపినవాఁడును నతఁడే. రహస్యోద్యోగమును విడిచిన యొకఁడు తన యింటనే మూర్ఛిల్లి, మేల్కొనునప్పటికిఁ దానెఱుఁగని యొక గ్రామమున నుండును. అచటివారికి సంఖ్యలే పేరులు. ఇతఁ డాఱవవాఁడు. అధికారియైన రెండవవాఁడు మాటిమాటికి మాఱుచుండును. అందఱికిఁ బైనున్న మొదటివాఁ డెవఁడు? ఈ ప్రశ్నయే ప్రేక్షకులను దుదివఱకు నిలిపినది.

కడపటి భాగమున నాయకుఁడు మొదటివాని ముసుఁగును లాగివేయఁగా లోపలఁ గోఁతిముసుఁగు కనఁబడును. దానినిఁ గూడఁ దీయఁగాఁ గానవచ్చినది తన మొగమే. పిమ్మట నతఁడు లండను చేరును. 1 అను నంకెగల యింటి తలుపు గ్రామమందలి తలుపులవలెనే తనంతటఁ దాను దెఱచుకొనును. ఉఱుము వినఁబడఁగా నతఁడు కారు నడుపుకొనుచు వచ్చును. నాటకము మొదలైన దృశ్యమును నిదియే.

దీనిపైఁ బ్రేక్షకుల యభిప్రాయములు నాలుగు తెఱఁగులయ్యెను. ఆకాంక్షను బుట్టించి తీర్పకుండుట వంచన యని కొందఱు కుపితులైరి. నాయకుఁడు మెక్‌గూహన్ పూర్వము ధరించిన ‘డేంజర్ మాన్’ నాటకపాత్రమే యని కొందఱు కథను దానితో నతికిరి. అంతయు రూపకమే కావున నర్థ మడుగఁ దగదని మఱికొందఱు తలఁచిరి. సమాధానము మొదటినుండియు వినఁబడుచునే యున్నదని నాలుగవ పక్షము.

ఈ కడపటి పక్షము వైయాకరణులకుఁ బ్రియమైనది. చాల భాగముల యారంభమున నాయకుఁడు మొదటివాఁ డెవఁడని యడుగును. అతఁ డాఱవవాఁడని ప్రత్యుత్తరము వచ్చును. ఆ యాంగ్లవాక్యమున నొక్క విరామము నుంచినచో విధేయమైన సంఖ్య సంబోధన మగును. మొదటివాఁడవు నీవే యను నర్థము సిద్ధించును. సంస్కృతమున ‘త్వం షష్ఠోఽసి’, ‘త్వమసి షష్ఠ’ యని విభక్తియే భేదమును జూపును. తెలుఁగున ‘నీ వాఱవవాఁడవు’, ‘నీవే, యాఱవవాఁడా’ యనుచోఁ బురుషప్రత్యయము సందేహమును దీర్చును. ఆంగ్లమున నట్టి ప్రత్యయము లేదు గావుననే యీ శ్లేష సాధ్యమైనది.

కర్త యుద్దేశింపని యర్థమును గల్పించుట తగునా యని యాక్షేపింపవచ్చును. వక్తృేచ్ఛయే తాత్పర్యమని నైయాయికులు. కాని యిచట వక్త లొక్కఁడు కారు. నాయకుఁడు పూర్వపాత్రమే యని కథాసంపాదకుఁడు జార్జి మార్క్‌స్టీన్ చెప్పెను. కాదని మెక్‌గూహన్ చెప్పెను. వక్తలే విరోధించినపుడు గ్రంథమునే యడుగవలయును.

అడిగినచో లింగములు పలుకును. ఉపక్రమోపసంహారములు రెండును నొకే యుఱుము, నొకే దారి. ప్రశ్న మాటిమాటికి వినఁబడుట యభ్యాసము. నడుమ నొక భాగమునఁ దన రూపే ధరించిన వేఱొకఁడు నాయకుని కెదురు నిలుచుట యుపపత్తి. ప్రతినాయకుఁడు వెలుపల నుండు ననుకొన్నవారికిఁ దానే యని చూపుట యపూర్వత. తప్పించుకొన్నవాని యిల్లును గ్రామమువంటిదే యగుట ఫలము. మనుష్యునకుఁ దానే పరమశత్రు వను భావమును మెక్‌గూహన్ 1977లోఁ గెనడాదేశపు టెలివిజన్ సంభాషణమున వెల్లడించెను. గ్రంథము చెప్పినదానికి నది సంవాదమే కాని మూలప్రమాణము కాదు.

అయినను గోపించినవారిది కేవల మజ్ఞానము కాదు. గ్రామము నడపువా రేపక్షమువారు, ఏల నడపిరి యను నాకాంక్షలను గ్రంథమే పుట్టించినది, వానిని దీర్పలేదు. ఆ లోపము గ్రంథమునదే. మొదటివాఁ డెవఁడని తెలియలేదను ఫిర్యాదు మాత్రము నిలువదు; అది యుపక్రమమును మఱచి యుపసంహారమును మాత్రమే చూచుటచేఁ గలిగినది. పాఠశాలలలోఁ గావ్యాంతము బోధపడలేదని విద్యార్థి చెప్పినపుడు టీక చూపుటకు ముందుగా మొదటి పుటను మరలఁ జదివించుట మేలు.